అల్లుణ్ణి నీళ్ళలోంచి తీయడం

ఏప్రిల్ 7, సోమవారం

పెన్సిలుతో రాస్తున్నాను. వెల్లకిలా పడుకుని రాస్తే బాల్‌పెన్ను రెండు లైన్లకే మొరాయిస్తుంది.

నడుము పట్టేసింది. కారణం అల్లుడు.

ఈ డైరీ ఎప్పుడైనా మా అమ్మాయి హారతి చేతిలో పడితే అపార్థం చేసుకుంటుంది. అందుకని రాసిపెడుతున్నాను: ఓంప్రకాష్ కాదు. స్విమ్మింగ్ పూల్ అడుగున తిరుగుతూ చెత్త పీల్చుకునే మిషన్. మా అపార్ట్‌మెంట్ సొసైటీ దాన్ని కొన్నప్పుడు మా ఆవిడ సుమన పెట్టిన పేరు అది. పిలిస్తే రాదు, చెప్పిన చోటికి పోదు, కడుపు నిండగానే ఒక మూల కూచుంటుంది, బయటికి రావాలంటే మనమే వెళ్ళి చెయ్యి పట్టి తీసుకురావాలి అనేది.

ఇవాళ మొదటిసారి నేను తీశాను. లోతు వైపు గట్టు మీద నిలబడి వైరు పట్టి లాగాను. పైకి వచ్చింది. వంగి పిడి పట్టుకుని ఎత్తాను. నీళ్ళలో ఉన్నంతసేపు పిల్లిలా ఉన్నది నీళ్ళు దాటేసరికి గేదె అయింది. నడుములో టక్కుమంది. మిషన్ తిరిగి నీళ్ళలో పడింది. నేను గట్టు మీద పడ్డాను. ఎవరి చోట వాళ్ళం.

సొసైటీ ప్రముఖ్, అంటే ప్రెసిడెంటు, ధనసుఖ్‌భాయ్ తన బాల్కనీలోంచి అంతా చూశాడు. "రవీంద్రభాయ్, అంబులెన్స్ కే వాచ్‌మన్?" అని, ఎవర్ని పిలవాలో అడిగాడు. వాచ్‌మన్ చాలన్నాను.

పూల్ సంగతంతా చూసుకునే సుమన ప్రతి సోమవారం దీన్ని ఒక్కతే తీసేది. ఏనాడూ నడుము నొప్పి అనలేదు. సోమవారాలు టీ మాత్రం ఎందుకో ఆలస్యంగా వచ్చేది.


ఏప్రిల్ 8

ఎవరూ రాలేదు. అదే నయం.


ఏప్రిల్ 9

అందరూ వచ్చారు. రెండో అంతస్తు వాళ్ళు మెంతి లడ్డూలు, మూడో అంతస్తు వాళ్ళు వేడినీళ్ళ రబ్బరు సంచి, ధనసుఖ్‌భాయ్ తన నడుము బెల్టు. ఆ బెల్టు నాకు రెండు చుట్లు వస్తుంది.

సాయంత్రం, సూరత్‌లో మన తెలుగువాళ్ళుండే లింబాయత్ నుంచి, దశరథం వచ్చాడు. సుమన తమ్ముడు. లూమ్స్ ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, మాస్టర్.

"ఏంది బావ, గిట్ల పడ్డవ్?"

"మిషన్ ఎత్తాను."

"ఎట్ల ఎత్తినవ్?"

"చేతులతో."

"చేతులతోని ఎవడన్న ఎత్తుతడా. బీము మోసేటోళ్ళను చూడలేదా నువ్వు? గంత నూలు చుట్టుకొని ఉంటది, ఇద్దరు భుజానికెత్తుకొని గల్లీల నవ్వుకుంట పోతరు. నడుముకు ఏం పని దాంట్ల?"

"మా నాన్న మోశాడు. నాకు తెలుసు."

"మీ నాయిన మోసిండు. నువ్వు చదువుకున్నవ్." లడ్డూ ఒకటి తీసుకున్నాడు. "వాచ్‌మన్‌కు చెప్పరాదు? రెండు చేతులున్నయ్ గద వానికి."

"చెప్పకూడదు."

"ఎందుకు?"

"నువ్వూ ఉన్నావు కదా అక్కడ."

దశరథం లడ్డూ ముక్క నోట్లో వేసుకున్నాడు. "అవు," అన్నాడు. "కాకి ఒకటున్నది గద."


ఏప్రిల్ 11

నేను కాకిని నమ్మను. కెమిస్ట్రీలో డిగ్రీ చదివాను. రిటైరయ్యేదాకా పాండేసరాలో డయింగ్ మిల్లు లాబ్‌లో పనిచేశాను. జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను. అంతే.

పదో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి, దూరం జరిగి నిలబడాలి. కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో ఫికరు మిగిలిపోయిందని లెక్క. అదేమిటో ఊహించి, నేను చూసుకుంటానని పైకి మాట ఇవ్వాలి. సరైన మాట పడగానే కాకి దిగుతుంది.

తాపీ నది గట్టున వద్దన్నాడు దశరథం. అక్కడి కాకులకు పొద్దున్నుంచి విస్తళ్ళే, వాటికి ఆకలి ఉండదన్నాడు. అందుకని పోయిన వారం, సుమన పదో రోజున, మా ఆల్థాన్ బిల్డింగు టెర్రస్ మీదే పెట్టాం. బగారన్నం, మటన్, గారెలు, ఆదివారాలు ఆమె తెప్పించుకునే శనగపిండి ఖమణ్.

ముందు పావురాలు వచ్చాయి. "పావురాలు లెక్కల రావు," అని చిన్నమ్మ కొమురవ్వ చీపురు పట్టుకుని వాటి వెంటపడింది. కాకి ఒకటి నీళ్ళ టాంకు మీద కూచుని ఇదంతా చూసింది. దిగలేదు.

మాటలివ్వడం మొదలైంది. నాన్నకు రోజూ ఫోన్ చేసి మందుగోలీలు గుర్తుచేస్తానని హారతి చెప్పింది. దిగలేదు. హారతిని బాగా చూసుకుంటానని ఓంప్రకాష్ చెప్పాడు. దిగలేదు. "అక్కా, తాగుడు బంద్ చేస్త," అన్నాడు దశరథం. కాకి కొంచెం అవతలికి జరిగింది.

"దానికి గూడ నీ మీద నమ్మకం లేదురా," అంది చిన్నమ్మ.

ఎండ ఎక్కింది. మటన్ మీద ఈగలు. అందరూ నా వైపు చూశారు. పిట్టగోడ మీంచి కిందికి చూస్తే పూల్ కనిపించింది. ఆమె ఆసుపత్రికి వెళ్ళిన దగ్గర్నుంచి ఎవరూ ముట్టలేదు. ఆకుపచ్చగా ఉంది.

"అల్లుణ్ణి నేను తీస్తాను," అన్నాను. "సోమవారం సోమవారం. నేనే. ఇంకెవరికీ అప్పజెప్పను."

ఓంప్రకాష్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

కాకి దిగింది. ఖమణ్ ముక్క తీసుకుని పోయింది.

ఖమణ్ కోసమే వచ్చి ఉంటుంది. అది వేరే సంగతి. మాట మాటే.


ఏప్రిల్ 13

ఇవాళ కూచోగలిగాను. వడోదర నుంచి హారతి ఫోన్.

"బస్ కరో నాన్నా. ఆజ్‌కల్ పూల్‌కి ఏజెన్సీలు ఉన్నయ్. అమ్మ ఏమనుకోదు."

"అనుకోదు. తెలుసు."

గోలీలు వేసుకున్నావా అంది. వేసుకున్నానన్నాను. తర్వాత వేసుకున్నాను.


ఏప్రిల్ 14, సోమవారం

వారం రోజులుగా మిషన్ అడుగునే ఉంది. తీయలేకపోయినా నడపడం మానలేదు. పైనుంచి స్విచ్చి వేస్తే చాలు. బుట్ట నిండిపోయి ఈ మూల చెత్తను ఆ మూలకు మారుస్తోంది. పిల్లలు దాని మీద నిలబడి ఊరేగుతున్నారు.

సాయంత్రం క్లబ్‌హౌస్‌లో కమిటీ మీటింగు. విషయం నా నడుము. ఎజెండాలో "పూల్ భద్రత" అని రాశారు. పూల్‌ని ఏజెన్సీకి ఇచ్చేద్దామని, వాళ్ళే సొంత మిషన్ తెచ్చుకుంటారని, మనదాన్ని వాళ్ళకే ఇచ్చేద్దామని ధనసుఖ్‌భాయ్ చెప్పాడు. అందరూ తలలూపారు.

కాకి సంగతి చెప్పలేను. ఆ మిషన్ మా ఇంటిదని కూడా చెప్పలేను, కాదు కాబట్టి. నాకు కొంచెం సమయం కావాలన్నాను.

ధనసుఖ్‌భాయ్ మంచివాడు. సుమన దగ్గరే ఆయన భార్య ఈత నేర్చుకుంది. ఆలోచించాడు. "ఇరవై ఎనిమిదిన ఏజెన్సీవాళ్ళు వస్తారు. ఆ రోజు అందరి ముందూ నువ్వొక్కడివే తీసి చూపించు. నడుము పట్టుకోకూడదు. అరవకూడదు. తీశావా, మిషన్ ఉంటుంది, నువ్వే చూసుకో. లేదా, పోతుంది."

నా నడుముకు సొసైటీ బాధ్యత లేదని ఒక కాగితం మీద సంతకం కూడా తీసుకున్నారు.

పైకి లిఫ్టులో వచ్చాను. లిఫ్టులో బోర్డు: తడి బట్టలతో లిఫ్టు ఎక్కరాదు. కింద నా పేరు. నేను సెక్రటరీగా ఉన్నప్పుడు పెట్టించింది. పూల్ నుంచి పిల్లలు నీళ్ళు కారుస్తూ ఎక్కేవాళ్ళు.

సుమన ఎప్పుడూ మెట్లే. ఐదంతస్తులూ. మోకాళ్ళకు మంచిదనేది.


ఏప్రిల్ 16

కసరత్తు నేర్పడానికి సంధ్యారాణి అనే ఫిజియో వచ్చింది. మనవాళ్ళే, లింబాయత్‌లోనే పుట్టి పెరిగింది. హాల్లో తాగునీళ్ళ క్యాన్ పెట్టి ఎత్తమంది.

"కమర్ నహీ అంకుల్, మోకాళ్ళు వంచాలె. సామాను పొట్టకు దగ్గర పెట్టుకోవాలె. ఊపిరి వదులుకుంట లేవాలె."

లేచాను. నొప్పి లేదు. రెండోసారి కూడా లేదు. కిటుకు పట్టుబడినట్టే అనిపించింది.

"ఎత్తేది కాళ్ళ కంటే కిందుంటే?" అని అడిగాను.

"కాళ్ళ కంటే కిందెందుకుంటది అంకుల్?"

"నేను గట్టు మీద. అది నీళ్ళలో."

సంధ్యారాణి క్యాన్ వైపు చూసింది, నా కాళ్ళ వైపు చూసింది. అట్లాంటిది మా సిలబస్‌లో లేదంది.


ఏప్రిల్ 19

నిద్రపోయాను.


ఏప్రిల్ 21, సోమవారం

ఒద్దన్నాను. ఒద్దన్నానని ఇక్కడ రాసిపెడుతున్నాను.

దశరథం పొద్దున్నే దిగాడు. లింబాయత్ నుంచి టెంపోలో బీము బండి తెచ్చాడు, ఖాతాలో బీములు తోసే ఇనప బండి. దాని మీద నిలువుగా రెండు ఇనప పైపులు కట్టాడు, పైపుల నడుమ గిలక, గిలకకు తాడు.

"నీ మాట నీకుంటది బావ. తాడు నువ్వొక్కనివే గుంజు. నేను బండి పట్టుకుంట. బండి పట్టుకుంటే మిషన్ తీసినట్టు లెక్కనా? కాదు."

"కాకి ఆ లెక్క ఒప్పుకుంటుందా?"

"నమ్మనంటవ్ గద నువ్వు."

చూసేందుకు పూల్ చుట్టూ జనం చేరారు. ధనసుఖ్‌భాయ్ కుర్చీ వేయించుకున్నాడు. మిషన్‌కు తాడు తగిలించి గుంజాను. నిజంగానే నడుముకు పని లేదు. మిషన్ నీళ్ళలోంచి లేచింది. గాలిలో ఊగింది. కడుపులోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎవరో చప్పట్లు కొట్టారు.

ఊగుతున్నదాన్ని ఆపడానికి దశరథం బండి వదిలేసి రెండు చేతులూ చాచాడు.

బండికి చక్రాలున్నాయి. పూల్ గట్టు నీళ్ళు నిలవకుండా కొంచెం వాలుగా ఉంటుంది. మిషన్ పడింది, మిషన్ వెనకే బండి పడింది. దశరథం పడలేదు. అతని చెప్పు పడింది.

"బావ," అన్నాడు, ఒంటి చెప్పుతో నిలబడి. "తాడు నువ్వు గట్టిగ పట్టుకోవాల్సి ఉండె."


ఏప్రిల్ 22

పూల్ అడుగున ఇప్పుడు రెండున్నాయి. అల్లుడు బండి చుట్టూ తిరిగి శుభ్రం చేస్తున్నాడు.

ఈ వారమే ఉంది. తీయలేకపోతే ఎట్లాగో ఆలోచించకూడదని అనుకున్నాను. పగలంతా అదే ఆలోచించాను.


ఏప్రిల్ 24

చిన్నమ్మ కొమురవ్వ వచ్చింది. సుమన బట్టల కోసం. మొదటి నెల దాటాక ఇచ్చేయాలి, ఇంట్లో పెట్టుకోకూడదు. లింబాయత్‌లో ఆడవాళ్ళకు పనికొస్తాయి. ఇస్తానని ఇప్పటికి రెండుసార్లు మాట తప్పాను. ఆమె ఈసారి సంచులు కూడా తెచ్చుకుంది.

బీరువా తీశాను. చీరలన్నీ ఇచ్చాను. స్వెటర్ ఇచ్చాను. కింది అరలో పంజాబీ డ్రెస్సుల సల్వార్లు. నేవీ బ్లూ, మెరూన్, సీసా ఆకుపచ్చ. మడతలు విప్పి చూసి చిన్నమ్మ మొహం చిట్లించింది.

"ఇవెవరు తీసుకుంటరు కొడుకా? అన్నిటికీ కిందంత తెల్లబడిపోయినయ్."

తీసుకుని చూశాను. మోకాలి కింద నుంచి రంగు పోయింది. మూడింటికీ. ఒకే ఎత్తులో. పైన ముదురు, కింద పాలిపోయిన రంగు, రెంటికీ మధ్య స్కేలు పెట్టి గీసినట్టు గీత.

ఇవి రియాక్టివ్ రంగులు. క్లోరిన్‌కు నిలవవు. పూల్ నీళ్ళు చిందితే మచ్చలు పడతాయి. నీళ్ళలో నడిస్తే పైనుంచి కిందికి మెల్లగా పలచబడుతూ పోతుంది. ఇట్లా గీత పడదు. లాబ్‌లో రోజూ చేసిన పరీక్ష ఇది: గుడ్డ పీలికను సగం వరకు ముంచి వదిలేయాలి. పీలిక కదిలితే గీత రాదు.

ఆమె మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడింది. చాలాసార్లు. కదలకుండా.

"ఏందిరా, బట్టల ఏమన్న దొరికిందా?" అంది చిన్నమ్మ.

"ఇవి ఉండనీ," అన్నాను. "సాక్ష్యం కింద."

ఆమె సంచులు ఎత్తుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "ఒక్కటే ఉంచుకోరాదు," అంది.

మూడూ ఉంచుకున్నాను.


ఏప్రిల్ 25

ఎవరూ లేనప్పుడు మెరూన్ సల్వారు తీసుకుని పూల్ దగ్గరికి వెళ్ళాను. లోతు తక్కువ వైపు మెట్లున్నాయి. వెడల్పాటివి. పిల్లలు దిగడానికి. సల్వారును మొదటి మెట్టు మీద నిలబెట్టి చూశాను. నీళ్ళు చీలమండ దాకే వచ్చాయి. రెండో మెట్టు మీద గీత సరిగ్గా నీటిమట్టానికి వచ్చింది.

వాచ్‌మన్ చూశాడు. సలాం కొట్టి వెళ్ళిపోయాడు.

కాళ్ళ కంటే కిందున్న సామానును ఎత్తకూడదు. కాళ్ళనే సామాను కంటే కిందికి దింపాలి. అంతే. సంధ్యారాణికి చెప్పాలి.


ఏప్రిల్ 28, సోమవారం

అందరూ లోతు వైపు చేరారు, నేను పడ్డ చోట. ధనసుఖ్‌భాయ్ కుర్చీ అక్కడే వేయించుకున్నాడు. దశరథం ఖాతాకు సెలవు పెట్టి వచ్చాడు. ఏజెన్సీ మనిషి టై కట్టుకుని వచ్చాడు. నీళ్ళలోకి తొంగి చూసి, ఆ ఇనుము ఏమిటని అడిగాడు.

"హమారా హై," అన్నాడు దశరథం.

నేను వాళ్ళను దాటుకుని మెట్ల వైపు వెళ్ళాను. చెప్పులు విడిచాను. ప్యాంటు మడవలేదు. సూరత్‌లోనే పుట్టి, డుమస్ బీచ్‌లో కూడా ఇసుక దాకానే వెళ్ళిన మనిషిని. రెండో మెట్టు దిగాను. చల్లగా ఉంది.

కుర్చీ ఎత్తుకుని అందరూ ఇటు వచ్చారు.

వైరు మెల్లగా లాగాను. బరువు నీళ్ళే మోశాయి. మిషన్ నా దగ్గరికి తనంతట తాను వస్తున్నట్టు వచ్చింది. పిడి అందుకుని, పై మెట్టు అంచు మీద దాని ముందుభాగం ఆనించి, కొంచెం పైకి వంచి పట్టుకున్నాను. సగం నీళ్ళలో, సగం బయట. పిడి నా చేతులకు అందే ఎత్తులో ఉంది. వంగే పని లేదు. దాని కడుపులోంచి నీళ్ళు దిగడం మొదలైంది. సన్నగా, తీరుబడిగా.

"హవే షూ?" అన్నాడు ధనసుఖ్‌భాయ్. ఇప్పుడేమిటని.

"నీళ్ళు దిగనివ్వాలి."

"అప్పటిదాకా?"

"నిలబడటమే."

అందరూ నిలబడ్డారు. కొంతసేపటికి ఏజెన్సీ మనిషి ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. దశరథం గుసగుసగా, "బావ, ఎత్తు ఇగ," అన్నాడు. ఎత్తలేదు. ధనసుఖ్‌భాయ్‌కి నిద్ర పట్టింది.

రెండు చేతులూ పిడి మీద. కదిలితే మిషన్ జారుతుంది. ఏమీ చేయడానికి ఉండదు అప్పుడు. ఎదురుగా ఏది ఉంటే అది చూడటమే. ఎదురుగా మా బిల్డింగు. ఐదో అంతస్తు, మా బాల్కనీ. అడ్డం ఏమీ లేదు. నా కుర్చీ కనిపిస్తుంది. సోమవారాలు పొద్దున టీ ఇంకా రాలేదేమని పేపరు తిప్పుతూ నేను కూచునే కుర్చీ.

నేను పేపర్లోంచి తల ఎత్తి కిందికి ఒక్కసారి చూసి ఉంటే చాలు.

నీళ్ళు చుక్కలయ్యాయి. మోకాళ్ళు వంచి, పొట్టకు దగ్గరగా పట్టుకుని, ఊపిరి వదులుతూ లేచాను. మిషన్ వచ్చింది. ఎంత తేలికంటే, కోపం వచ్చింది. ఇంత తేలికైన పనా.

మెట్లెక్కి గట్టు మీద పెట్టాను. నడుము పట్టుకోలేదు. అరవలేదు. దశరథం మాత్రం అరిచాడు, దానికి ధనసుఖ్‌భాయ్ లేచాడు. "థయీ గయూ?" అన్నాడు. అయిపోయిందన్నాను. చూడలేదు కాబట్టి మళ్ళీ చేయమంటాడేమో అనుకున్నాను. అనలేదు. ఏజెన్సీ మనిషికి టీ ఇప్పించి పంపాడు.

కాకి గురించి రాయను. గట్టు మీద ఒకటి నీళ్ళు తాగుతూ ఉండింది. ఎండలు కదా.

ఇంటికి బయల్దేరి లిఫ్టు తలుపు తీశాను. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. ఎదురుగా బోర్డు. చదివాను. తలుపు మూశాను.

మెట్లెక్కి వచ్చాను. మోకాళ్ళకు ఏమీ మంచిది కాదు.


మే 5, సోమవారం

పొద్దున టెస్టర్ స్క్రూడ్రైవరుతో లిఫ్టులో బోర్డు ఊడదీశాను. నాలుగు స్క్రూలు. ఒకటి తుప్పు పట్టి చాలాసేపు రాలేదు.

తర్వాత అల్లుణ్ణి తీశాను. నడుము బాగుంది. నీళ్ళు దిగేదాకా నిలబడ్డాను. దిగాక కూడా.

మెట్లెక్కే వచ్చాను. టీ ఆలస్యమైంది.